నోరు దాటని పేరు

మా మామగారి పేరు ఫిరోజ్. రాయమంటే ఎన్నిసార్లయినా రాస్తాను. పలకమంటే మాత్రం నాలుక అంగిటికి అతుక్కుపోతుంది. పెళ్ళయి కడపలో అత్తగారింట్లో అడుగు పెట్టిన రోజునే మా అత్త నన్ను వంటింట్లోకి పిలిచి, ఈ ఇంట్లో ఏం చేసినా చేయకపోయినా మామ పేరు మాత్రం నోట రానివ్వొద్దని చెప్పింది. మా వైపు ముసల్మానుల ఇళ్ళలోనూ, పక్కనున్న హిందువుల ఇళ్ళలోనూ కోడళ్ళందరికీ ఇదే మొదటి పాఠం. చరిత్రలో ఎం.ఏ. చదివినదాన్ని కాబట్టి ఇదంతా పాతకాలపు చాదస్తమని లోపల నవ్వుకున్నాను. నవ్వుకున్నానే గాని పలకలేదు. పోనుపోను పలకడం నిజంగానే చేతగాకుండా పోయింది.

దాంతో బళ్ళో నేను పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. కడపలో ఉన్నన్నాళ్ళూ ఒక హైస్కూల్లో సోషల్ చెప్పేదాన్ని. ఢిల్లీ సుల్తానుల పాఠంలో ఈ పేరున్న సుల్తాను ఒకడున్నాడు. పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, పాఠం పొడుగునా "ఇతను కాలువలు తవ్వించాడు, ఇతను తోటలు వేయించాడు" అని వేలు పెట్టి చూపించేదాన్ని. ఇతనంటే ఎవరు టీచర్ అని అడిగితే, బోర్డు మీద ఉన్నాడుగా, కళ్ళు కనపడవా అని కసిరేదాన్ని. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చుని పాఠమంతా విని, "ఈ సుల్తాను మీద మీకేమైనా కోపమా అమ్మా?" అని అడిగాడు. "కోపం కాదు సార్, ఆయన మా మామ" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వి, ఇక ఏమీ అడగకుండా వెళ్ళిపోయాడు.

ఇదంతా నవ్వులాటగా గడిచిపోయిన కాలం. అదే పేరు మీద పోయినేడు ఒమన్‌లో, అల్ ఖౌద్‌లోని మా ఫ్లాట్‌లో, అన్నం సయించనంత గొడవ జరిగింది. ఆ గొడవ గురించే ఇది రాస్తున్నాను.

మా ఆయన అల్ ఖువైర్‌లో ఒక కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. పొద్దున్నే కారులో పోతాడు, ట్రాఫిక్‌ను తిట్టుకుంటూ సాయంత్రానికి వస్తాడు. మా అబ్బాయి ఒక కార్ల సర్వీస్ సెంటర్లో పని చేస్తాడు. వాడి భార్యది ప్రొద్దుటూరు. నేను మా వీధిలోని మన పిల్లలకు సాయంత్రాలు సోషల్ చెబుతుంటాను. ఇంట్లో మామూలు మాటలన్నీ దక్కనీ ఉర్దూలో నడుస్తాయి, పోట్లాటలు మాత్రం తెలుగులోకి దిగుతాయి. కడప తెలుగులో ఉన్న పదును మా దక్కనీలో లేదని నా అనుమానం.

మా ఆయనకు పెళ్ళినాటి నుంచీ ఒకటే కోరిక, మనవడికి తన తండ్రి పేరు పెట్టుకోవాలని. కోడలికి మొదటిసారి నెల తప్పిందని తెలియగానే పేరు ఖాయమైపోయింది. మా అబ్బాయి, కోడలు కడుపులో ఉన్న బిడ్డను ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. వాడు కాలితో తన్నితే, "ఫిరోజ్‌కు ఆకలేస్తాంది అత్తా, ఏమన్నా పెట్టండి" అని కోడలు నా ముందు నిలబడేది. తను చూడని తాతమామ కాబట్టి తనకు ఆ పేరు పలకడానికి అడ్డేమీ లేదు. నేను మాత్రం "వాడికా, నీకా?" అని అడిగి దోసె వేసి పెట్టేదాన్ని.

వాడు నెలలు నిండకుండానే పుట్టాడు. ఊపిరితిత్తులు తయారు కాలేదన్నారు. అద్దాల పెట్టెలో ముక్కుకు, నోటికి గొట్టాలతో కొన్ని రోజులు ఉన్నాడు. వాడి చెవిలో అజాన్ చెప్పడానికి మా ఆయన్ను ఒక్కసారి లోపలికి పంపించారు. గొట్టాలు తీసేశాక ఫోటో తీద్దామని అందరం అనుకున్నాం. గొట్టాలు తీసే సమయానికి ఫోటో తీయగలిగిన స్థితిలో మాలో ఎవరూ లేరు.

మగవాళ్ళు వాడిని ఖబరస్థాన్‌కు తీసుకుపోయారు. ఆపరేషన్ కుట్లతో మంచం మీద ఉన్న కోడలు, తిరిగి వచ్చిన భర్తను అడిగింది ఒక్కటే మాట.

"పేరు చెప్పినావా?"

"అడిగినారు. ఫిరోజ్ అని చెప్పినా" అన్నాడు వాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. ఇక్కడ సమాధుల మీద పేర్లు రాయరు. మట్టి దిబ్బ, తల దగ్గర ఒక రాయి, కాళ్ళ దగ్గర ఒక రాయి, అంతే. పక్కపక్కనే అలాంటివి ఎన్నో. కొన్నాళ్ళకు మా అబ్బాయికే ఏది వాడిదో గుర్తుపట్టడం కష్టమైంది. ఫోటో లేదు, రాయి మీద పేరు లేదు, వేసిన గౌను కూడా ఆసుపత్రిదే. ఇదంతా అప్పట్లో నేను విడివిడిగా చూశాను గాని ఒక దగ్గర పెట్టి ఆలోచించలేదు.

రెండేళ్ళు తిరక్కుండానే మళ్ళీ నెల తప్పింది. ఈసారి ఎవరూ కడుపును ఏ పేరుతోనూ పిలవలేదు. కోడలు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేది, తుమ్ము వచ్చినా భయపడేది. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆ అమ్మాయి బాత్రూమ్‌లోకి పోయి కాస్త ఆలస్యం చేస్తే తలుపు బయట నిలబడి ఏదో ఒకటి అడిగేదాన్ని. ఉప్పు డబ్బా ఎక్కడుందని కూడా అడిగాను, ఉప్పు డబ్బా నా చేతిలోనే ఉంది.

అలాంటి ఇంట్లో ఒక శుక్రవారం భోజనాల దగ్గర మా ఆయన బిర్యానీ కలుపుతూ, "ఈసారి ఫిరోజ్ క్షేమంగా వస్తాడు, నా మనసు చెప్తాంది" అన్నాడు. కోడలి చెయ్యి పళ్ళెంలో ఆగిపోయింది. లేచి చెయ్యి కడుక్కుంది. మా అబ్బాయి నన్ను చూశాడు, నేను మా ఆయన్ను చూశాను, ఆయన మాత్రం పళ్ళెంలో ముక్క కోసం వెతుక్కుంటున్నాడు.

మర్నాడు నేను బెండకాయలు తరుగుతుంటే కోడలు వచ్చి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది.

"అత్తా, మీరు చరిత్ర చదివినారు కదా. ఆ పేరు యాడ పుట్టింది? ఆ పేరు పెట్టుకున్నోళ్ళు బతికినారా?"

బతికారు, బాగా బతికారు అని చెప్పి పంపించేస్తే సరిపోయేది. కానీ నాకు ఒక చెడ్డ గుణం ఉంది. వంటలో ఉప్పు తక్కువైతే సర్దుకుంటాను గాని చరిత్రలో అబద్ధం చెప్పలేను. పైగా ఆ అమ్మాయి మొహం చూస్తే, తీయటి మాటల కోసం అడగడం లేదని తెలుస్తూనే ఉంది.

ఆ పేరు పాత పారశీక భాషది, గెలిచినవాడు అని అర్థం అని చెప్పాను. మొదట్లో అది పేరోజ్. అరబ్బుల అక్షరాల్లో 'ప' లేదు కాబట్టి వాళ్ళ నోళ్ళలో పడి 'ఫ' అయి, అక్కణ్ణుంచి ఢిల్లీకి, మన దక్కనుకు వచ్చింది. మీ అమ్మ ఉంగరంలో ఉన్న నీలి రాయికి కూడా ఆ మాటే పేరు అన్నాను. "ఆ రాయి పెట్టుకున్నోళ్ళకు జబ్బు చేస్తే రంగు పోతాదంట కదా?" అంది. "అదంతా ఉంగరాలు అమ్మేవాళ్ళు చెప్పే మాట" అన్నాను.

"సరే, మనుషుల గురించి చెప్పండి."

చెప్పాను. ఆ పేరుతో పారశీకంలో ఒక చక్రవర్తి ఉండేవాడు. తెల్ల హూణులతో యుద్ధాలు చేశాడు. ఒకసారి వాళ్ళకు చిక్కి, కొడుకును వాళ్ళ దగ్గర తాకట్టుగా వదిలి బయటపడ్డాడు. ఊరుకోకుండా మళ్ళీ దండెత్తాడు. వాళ్ళు పెద్ద కందకం తవ్వి, పైన కొమ్మలు, మట్టి పరిచి ఉంచారట. గుర్రంతో సహా అందులో పడిపోయాడు. శవం కూడా దొరకలేదంటారు.

"వాళ్ళమ్మ ఉన్నిందా అప్పటికి?" అని అడిగింది.

ఇన్నేళ్ళుగా ఈ పాఠాలు చదివాను, చెప్పాను. ఏ పిల్లా పిల్లాడూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. తల్లి పేరు పుస్తకాల్లో ఉంది, సింహాసనం కోసం ఇద్దరు కొడుకులు కొట్టుకుంటుంటే ఆ మధ్యకాలం రాజ్యం ఆమే చూసుకుందని రాశారు. ఈ కొడుకు గోతిలో పడేనాటికి ఆమె బతికుందో లేదో మాత్రం ఎవరూ రాయలేదు. అదే చెప్పాను.

"ఇద్దరు కొడుకులు ఒక్క కుర్చీ కోసం కొట్టుకుంటే, మధ్యలో తల్లి" అని తనలో తను అనుకుంది.

ఇంకొకడు ఆ వంశపు ఆఖరి చక్రవర్తి కొడుకు. రాజ్యం పోయాక తూర్పుకు పరుగెత్తి చైనా రాజు కొలువులో తలదాచుకున్నాడు. రాజ్యం తిరిగి వస్తుందని ఎదురుచూస్తూ ఆ పరాయి దేశంలోనే పోయాడు. మన దక్కనులో గుల్బర్గా సుల్తాను ఒకడు. పానగల్లు కోట ముందు ఏళ్ళ తరబడి కూర్చుని, విజయనగరం చేతిలో ఓడి ఇంటికి వస్తే తమ్ముడు గద్దె లాక్కున్నాడు. మనసు విరిగి కొన్నాళ్ళకే పోయాడు. ఢిల్లీ సుల్తాను ఒక్కడే పండు ముసలివాడై చనిపోయాడు. యుద్ధాలు అతనికి అచ్చిరాలేదు గాని అతను తవ్వించిన కాలువలు చాలాకాలం పారాయి. పెద్దకొడుకు మీద ప్రాణాలు పెట్టుకున్నాడు, ఆ కొడుకు తన కళ్ళ ముందే పోయాడు.

"ఆ పోయిన కొడుకు పేరు ఇంకో బిడ్డకు పెట్టినాడా?"

"నాకు తెలియదు. వాడు పుట్టినప్పుడు ఒక ఊరు కట్టించి ఆ ఊరికి వాడి పేరు పెట్టాడు. ఆ ఊరు ఇప్పటికీ ఉంది."

"ఊరికి పెట్టినాడు" అని లేచి నిలబడింది. బెండకాయ ముక్కలు గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టి, ఇక ఆ రోజు ఆ ఊసు ఎత్తలేదు. నేను చెప్పింది మంచిదో చెడ్డదో తేల్చుకోలేక నాకు రెండు రోజులు తలనొప్పి.

ఆ నెలలోనే మా ఆయన ఆఫీసులో పనిచేసే ఒమానీ ఆయన, సమాయిల్‌లో తన ఖర్జూరం తోటకు రమ్మని మమ్మల్ని అందరినీ పిలిచాడు. కోడలికి మార్పుగా ఉంటుందని పోయాం. చెట్ల కింద ఫలజ్ పారుతోంది. కొండల అడుగు నుంచి తోటల దాకా వాలు చూసి తవ్విన పాత నీటికాలువ అది. దాన్ని ఎవరు తవ్వారో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. కొందరు సులేమాన్ ప్రవక్త పంపిన జిన్నులంటారు, కొందరు పూర్వం ఇక్కడ ఉన్న పారశీకులంటారు. తోట ఆయన పారశీకులనే అన్నాడు. ఇక మా ఆయన్ను పట్టడం ఎవరి తరం? వంటింట్లో నేను చెప్పినదంతా హాల్లో కూర్చుని విననట్టు విన్నాడు కాబోలు, ఇప్పుడు బయటపెట్టాడు.

"చూసినావామ్మా, మన పేరోళ్ళు తవ్విన నీళ్ళివి. వచ్చే ఏడు ఫిరోజ్‌ను ఈడికే తెస్తాం. ఈ నీళ్ళలోనే ఆడిస్తాం."

కోడలు గట్టు మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఉంది. కాళ్ళు తీసేసింది.

"ఏ ఫిరోజ్ మామా?"

ఆయనకు ముందు అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

"నా కొడుకు ఫిరోజ్ ఖబరస్థాన్‌లో ఉండాడు. వాడిని ఈడికి ఎట్లా తెస్తారు?"

"అదేందమ్మా ఆ మాటలు? అల్లా తీసుకున్నాడు, మళ్ళీ ఇస్తాండాడు. అదే పేరు పెట్టుకుంటే వాడే తిరిగొచ్చినట్టు కదా?"

"వాడు తిరిగి రాలేదు మామా. వీడు వేరే. ఆ పేరు ఖాళీగా లేదు. ఇల్లు ఖాళీ అయితే ఇంకొకరికి అద్దెకిస్తారు, పేరు అట్లా కాదు. వాడికి పాలు ఇవ్వలేదు, వాడిని ఎత్తుకోలేదు. వాడికి నేనిచ్చింది అదొక్కటే. అది కూడా తీసి తమ్ముడికి ఇమ్మంటే నేను ఇయ్యను."

తోట ఆయనకు తెలుగు రాదు గాని మొహాలు చదవడం వచ్చు. ఖర్జూరాల పళ్ళెం కింద పెట్టి మెల్లగా అవతలికి వెళ్ళిపోయాడు. మా అబ్బాయి భార్య భుజం మీద చెయ్యి వేయాలో, తండ్రి పక్కకు పోవాలో తెలియక నీళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. వాడికి చిన్నప్పటి నుంచీ అంతే, ఇంట్లో గొడవైతే కుళాయి బాగుచేయడం గుర్తుకొస్తుంది. మా ఆయన మొహం నల్లబడింది. ఎవరితోనూ కానట్టుగా అన్నాడు.

"మా నాయనకు ఒక్క ఫోటో కూడా లేదు. ఫోటో దిగడం పాపమని దిగలేదు. ఆయన మొహం నాకే మసకగా గుర్తుకొస్తాది. ఆయన్ది మిగిలింది ఆ పేరొక్కటే. అది ఇంట్లో ఎవరో ఒకరు పిలుస్తాంటే వినాలనుకుంటి. అది తప్పా?"

తప్పని ఎవరనగలరు? ఆయన తండ్రికీ ఫోటో లేదు, ఆమె బిడ్డకూ ఫోటో లేదు. ఇద్దరూ ఒకే పేరును చెరో వైపు పట్టుకుని కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరిని వదలమని చెప్పడానికీ నాకు మనసు రాలేదు.

ఆ తర్వాత ఇంట్లో మాటలు కరువయ్యాయి. మామా కోడళ్ళు మర్యాదగా ఉండేవారు, ఆ మర్యాద చూస్తుంటేనే నాకు భయం వేసేది. ఒకరోజు మా ఆయన నా దగ్గర గొణిగాడు.

"వాడు ఉన్నింది కొన్ని దినాలే కదా. దానికింత పట్టుదల ఎందుకు?"

చేతిలో ఉన్న గరిటె ఠపీమని పొయ్యి మీద పెట్టాను.

"కొన్ని దినాలు ఉన్నోడు మనిషి కాదా? నువ్వు వాడి చెవిలో అజాన్ చెప్పిరాలేదా? మనిషి కాకపోతే ఎవరికి చెప్పొచ్చినావు?"

ఆయన ఆ పూట అన్నం సగం వదిలేశాడు. నాకు జాలి వేసింది, కోపమూ పోలేదు. కడప నుంచి ఆడబిడ్డలు ఫోన్లు చేసి, ఆ పేరు అచ్చిరాలేదు మానేయమని ఒకరు, అదే పెట్టకపోతే పెద్దాయన ఆత్మ క్షోభిస్తుందని ఒకరు సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇద్దరికీ సిగ్నల్ సరిగా లేదని చెప్పి పెట్టేశాను.

నెలలు నిండాకే పుట్టాడు. మగపిల్లాడు. ఏడుపు విని నేను కారిడార్లోనే కూలబడ్డాను. కానీ డాక్టరు గుండె చప్పుడు విని పరీక్షలు చేయించింది. గుండెలో చిన్న రంధ్రం ఉందట. చాలామంది పిల్లలకు దానంతట అదే మూసుకుపోతుందని, భయపడొద్దని, కొన్ని వారాలకు మళ్ళీ చూస్తామని చెప్పింది. భయపడొద్దు అన్న మాట ఎంత పెద్ద భయమో అది విన్నవాళ్ళకే తెలుస్తుంది. బిడ్డను ఇంటికి తెచ్చుకున్నాం. మా పద్ధతి ప్రకారం ఏడో రోజు అఖీఖా చేసి, తల నీలాలు తీసి, పేరు పెట్టాలి. ఎవరూ ఆ రోజు గురించి మాట్లాడలేదు. కోడలు వాడిని బాబూ అనే పిలిచేది. అర్ధగంటకొకసారి వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసేది. మా ఆయన దూరం నుంచి చూసి, తలుపు దాకా వచ్చి వెనక్కి పోయేవాడు.

ఏడో రోజుకు ముందు సాయంత్రం కింది ఫ్లాట్ ముసలావిడ వచ్చింది. ఒమానీ ఆవిడ. సీబ్ పాత బజారులో మన గుజరాతీ, సింధీ దుకాణాల మధ్య పెరిగింది కాబట్టి హిందీ బాగానే మాట్లాడుతుంది. ఫ్లాస్కులో కహ్వా కాఫీ, ఒక డబ్బా హల్వా తెచ్చింది. ఈ దేశంలో ఆడవాళ్ళను సొంత పేరుతో పిలవడం కంటే పెద్దకొడుకు పేరు ముందు ఉమ్ చేర్చి పిలవడం గౌరవం. ఫలానావాడి అమ్మ అని. నేను ఈ మెట్ల మీద ఇన్నేళ్ళుగా ఆవిడను అలానే పిలుస్తున్నాను. ఆవిడ పిల్లలు, మనవళ్ళు సెలవు రోజుల్లో వచ్చిపోతుంటారు. వాళ్ళలో పెద్దకొడుకు ఎవరో నాకు తెలియదు. దుబాయ్‌లో ఉంటాడేమో అనుకునేదాన్ని.

బిడ్డను చూసి మాషాఅల్లా అని, చేతివేళ్ళు లెక్కపెట్టినట్టు నిమిరి, ఆవిడ కోడలి వైపు తిరిగింది. హాల్లో సోఫాలో మా ఆయన టీవీ చప్పుడు తగ్గించుకుని కూర్చుని ఉన్నాడు.

"ఇప్పుడు నువ్వు కూడా ఉమ్ అయ్యావు. నిన్ను ఏమని పిలవాలి? ఉమ్ ఎవరు?"

కోడలు తలెత్తింది. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఉమ్ ఫిరోజ్" అంది.

హాల్లో మా ఆయన సోఫాలో నిటారుగా లేచి కూర్చోవడం నాకు కనపడుతోంది. ఆ మొహంలో వెలుగు చూసి, అయ్యో, తప్పుగా అర్థం చేసుకున్నాడే అనుకున్నాను.

"ఫైరూజ్! మంచి పేరు" అని ఆవిడ అరబ్బీ యాసలో అని, వంగి, "ఏమయ్యా ఫైరూజ్" అని బిడ్డ బుగ్గ తాకింది.

"వీడు కాదు అమ్మీ. ఫిరోజ్ వీడి అన్న. అల్లా దగ్గర ఉన్నాడు. వీడు తమ్ముడు. వీడికి ఇంకా పేరు పెట్టలేదు."

ఆవిడ నొచ్చుకుంటుందని, లేదా అలా చెప్పకూడదని మందలిస్తుందని నేను సర్దిచెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ తలాడించింది, అంతే. మనం ఊరి పేరు చెబితే తలాడించినట్టు.

"మరి అంతే కదా. మొదట అమ్మను చేసినవాడు వాడే" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నువ్వు నన్ను రోజూ పిలుస్తావే, ఆ కొడుకును ఎప్పుడైనా చూశావా?"

"లేదు. దుబాయ్‌లో..." అని ఆగిపోయాను.

"నడక కూడా నేర్వలేదు. జ్వరం వచ్చింది, అప్పుడు ఇక్కడ ఇన్ని ఆసుపత్రులు ఎక్కడివి? ఆ తర్వాత ఎంతమంది పుట్టారో చూశావుగా. అయినా బజారులో అందరూ నన్ను వాడి పేరుతోనే పిలుస్తారు. కూరగాయల దగ్గర, ఆసుపత్రిలో, పెళ్ళిళ్ళలో. వాడు లేని రోజు లేదు నాకు."

ఆవిడ కప్పుల్లో కహ్వా పోసింది. ఈ మెట్ల మీద రోజూ పొద్దున సలాంతో పాటు నేను పలుకుతున్నది చనిపోయిన ఒక పసివాడి పేరని నాకు తెలియదు. ఆ పేరు విన్న ప్రతిసారీ ఆవిడ నవ్వుతూ తల తిప్పేది. నాకు ఏడుపొచ్చింది. దుఃఖమో, ఓదార్పో చెప్పలేను, రెండూ కలిసే వచ్చాయి. హాల్లోకి చూస్తే మా ఆయన సోఫాలో లేడు. బాల్కనీలో గ్రిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మర్నాడు అఖీఖాలో బిడ్డ తల నీలాలు తీశాక, పేరు చెప్పమని మా అబ్బాయి తండ్రిని అడిగాడు. ఆయన, "వాళ్ళమ్మను అడుగు" అన్నాడు. కోడలు తను ఎంచుకున్న పేరు చెప్పింది. మా రెండిళ్ళలోనూ ఇదివరకు ఎవరికీ లేని పేరు. మా ఆయన దాన్ని రెండుసార్లు మెల్లగా పలికి చూసుకుని, బిడ్డ చెవిలో చెప్పాడు.

ఇంకొన్నాళ్ళకు ఒక సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, లోపలికి కేకేశాడు. "ఫిరోజ్ అమ్మా, రోంత టీ పెడతావా?" కోడలు లోపలి నుంచి, "పెడతా మామా" అంది. ఆ తర్వాత ఆయన రోజూ అలాగే పిలుస్తున్నాడు. రెండు గ్లాసులు తాగేవాడు ఇప్పుడు నాలుగు అడుగుతున్నాడు. షుగర్ ఉందని ఎంత చెప్పినా వినడు.

నాకు మాత్రం ఆ పిలుపు రాలేదు. నేను అమ్మాయీ అనే పిలిచేదాన్ని. అలవాటు అంత తొందరగా పోతుందా?

బిడ్డను గుండె పరీక్షకు మళ్ళీ తీసుకుపోవాల్సిన రోజు వచ్చింది. మగవాళ్ళిద్దరికీ సెలవు దొరకలేదు. నేనూ కోడలూ పోయాం. నర్సు బిడ్డను తీసుకుని లోపలికి పోయింది. మమ్మల్ని బయట ఉండమంది. ఈ కారిడార్ పాతదే, మొదటివాడి కోసం కూర్చున్న కుర్చీలు అవే, గోడ మీద పాలు పట్టే తల్లి బొమ్మ అదే. కోడలు ఆ తలుపు వైపు చూస్తూ కూర్చుంది. నేను ఏదేదో మాట్లాడాను, ఎండ గురించి, మధ్యాహ్నం కూర గురించి. ఒక్కటి కూడా ఆమెకు వినపడలేదు.

తలుపు తెరుచుకుని నర్సు వచ్చింది. రంధ్రం చిన్నదవుతోందని డాక్టరు చెప్పారని, మళ్ళీ మూడు నెలలకు రమ్మని, బిడ్డను తీసుకుపోవచ్చని చెప్పింది. నాకు అర్థమైంది. కోడలికి కాలేదు. గొట్టాలు తీసేశామని చెప్పిన రోజు కూడా ఈ తలుపు ఇలాగే తెరుచుకుంది. ఆమె కళ్ళు నర్సు మీదే ఉన్నాయి గాని ఆమె అక్కడ లేదు. అమ్మాయీ అన్నాను. కదల్లేదు. భుజం పట్టుకుని కుదిపాను. కదల్లేదు. నాకు ఏం చేయాలో పాలుపోలేదు.

"ఫిరోజ్ అమ్మా!" అన్నాను.

పెళ్ళినాటి నుంచి గొంతులోనే ఉండిపోయిన మాట, ఎలా దాటిందో తెలియదు, గట్టిగానే దాటింది. కారిడార్లో ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. కోడలు కూడా వెంటనే తల తిప్పి నన్ను చూసింది.

"లే, ఫిరోజ్ అమ్మా. వాడి తమ్ముడు ఏడుస్తున్నాడు, పోయి తెచ్చుకుందాం."